రెండు ముడుల నూలుపోగు

నాకు చిన్నప్పటి నుంచీ ముక్కు మీద కోపం. దీని అరుపులకి మగ్గం మీద పోగులు తెగుతున్నాయని మా అమ్మ విసుక్కునేది. ఆ కోపంతో పాడుచేసుకున్న పనులు నా జీవితంలో చాలానే ఉన్నాయి. కానీ మా నాన్న కళ్ళద్దాల విషయంలో నేను చేసిన పని కోపంతో చేసింది కాదు, సిగ్గుతో చేసింది. అందుకే అది గుర్తొస్తే ఇప్పటికీ, పక్కన ఎవరూ లేకపోయినా, తల దించుకుంటాను.

మాది మంగళగిరి. నాన్నది నేతపని. ఇంటి ముందుగదిలో నేలలో తవ్విన గుంట, అందులోకి కాళ్ళు జారవిడిచి కూర్చుని నేసే మగ్గం. మా ఊళ్ళో మగ్గాలకేం కొదవ లేదు గానీ, సన్న నూలుతో జరీ అంచు చీర కావాలంటే షావుకారు ముందు మా ఇంటికే నూలు పంపించేవాడు. నూలిచ్చేదీ, నేసిన చీరలు తీసుకునేదీ ఆయనే. వేరేవాళ్ళ చీరల్ని విప్పి, అటూ ఇటూ తిప్పి చూసేవాడు. మా నాన్న తెచ్చిన చీరని మాత్రం మడత విప్పకుండానే లోపలికి పంపేవాడు. నాన్న తనని గురించి గొప్పగా చెప్పుకున్నదంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

యాభై దాటాక ఆయనకి చూపు మందగించింది. పంచాంగాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తుంటే మేం ఎగతాళి చేశాం. అన్నంలో రాయి పంటికింద పడితే నవ్వుకున్నాం. మగ్గం దగ్గర అలా నవ్వుకుంటే కుదరదు. పడుగులో, అంటే చీర పొడుగునా సాగే దారాల్లో, ఒక్క పోగు తెగినా వెంటనే చూసి ముడి వెయ్యాలి. చూసుకోకుండా నేసుకుంటూ పోతే ఆ చోట చీరలో సన్నటి గీత పడిపోతుంది. అలా ఒక చీరలో పడింది. తరవాత ఇంకోదాంట్లో. మూడోసారి షావుకారు నాన్న తెచ్చిన చీర మడత విప్పాడట. గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడట.

"ఈ పడుగు అయిందాకా చూద్దాం. ఆ తరవాత తువ్వాళ్ళు నేద్దువుగానిలే, కంటికి శ్రమ ఉండదు" అన్నాడట.

తువ్వాళ్ళు నెయ్యటం నామోషీ ఏం కాదు. మా వీధిలో సగం ఇళ్ళలో అవే నేసేవారు. కానీ ఆ పూట నాన్న అన్నం ముందు నుంచి సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడని అమ్మ చెప్పింది. మా నాన్న అన్నం వదిలెయ్యటం నేనెప్పుడూ చూడలేదు.

అప్పటికి నేను గుంటూరులో ఆడపిల్లల బళ్ళో టీచరుగా చేరి మూడు నెలలైంది. బ్రాడీపేటలో ఒక గది తీసుకుని ఇంకో టీచరుతో కలిసి ఉండేదాన్ని. మా వీధి నుంచి ఉద్యోగానికి వెళ్ళిన మొదటి ఆడపిల్లని. కళ్ళు నెత్తికెక్కటం అంటారే, అవి ఎక్కినవాళ్ళకి తెలియదు, నాకూ తెలియలేదు. చేరినరోజు టీచర్ల గదిలో మీ నాన్నగారేం చేస్తారమ్మా అని అడిగారు. ఒకావిడ తండ్రి ప్లీడరు, ఇంకొకావిడ తండ్రి తాసీల్దారు. నా నోట్లోంచి బట్టల వ్యాపారం అనే మాట వచ్చేసింది. ఎవరూ తరిచి అడగలేదు. నేనూ దిద్దుకోలేదు. ఆ రోజు నేను కట్టుకున్నది నాన్న నాకోసమని ప్రత్యేకంగా నేసిచ్చిన మంగళగిరి చీర. ఎంత బావుందో అని అందరూ అంచు పట్టుకుని చూశారు కూడాను.

షావుకారు మాట తెలిశాక నేనింక ఊరుకోలేదు. బ్రాడీపేటలో పెద్ద కంటి డాక్టరుకి చూపిద్దామన్నాను. తిరణాల్లో పెట్టెలో పెట్టుకుని అమ్మే అద్దాలు చాల్లేవే అన్నాడు నాన్న. మా వీధిలో పెద్దవాళ్ళంతా అవే వాడేవారు. పెట్టెలోవన్నీ ఒక్కొక్కటే పెట్టుకుని చూసి, ఏది పెట్టుకుంటే అక్షరం పెద్దగా కనపడితే అది మంచిదని కొనుక్కునేవారు. ఇంటికొక్క జత. మొగుడూ పెళ్ళాం దాన్నే వంతులేసుకుని వాడుకునేవారు. నేను గయ్యిమన్నాను. రవికెకి కూడా కొలత తీసుకుంటారు, కంటికి కొలత ఉండొద్దా అన్నాను.

"నిజమేలే. కొలత ఉండాలి" అన్నాడు నాన్న, ఏదో ఆలోచించుకుంటూ.

ఆ డాక్టరుగారు మా హెడ్మిస్ట్రెస్‌గారికి తమ్ముడి వరస. ఆవిడే నాకు చీటీ రాసిచ్చింది. చెప్పిన రోజున నాన్న ఉతికిన పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దుటి బస్సులో దిగాడు. డాక్టరుగారు ఓపికున్న మనిషి. నాన్న మొహానికి ఇనప చట్రం తగిలించి, అందులో ఒక్కొక్క అద్దమే వేస్తూ గోడ మీది అక్షరాలు చదివించాడు. దూరపు చూపుకి పెద్దగా లోటేం లేదన్నాడు. తరవాత చేతికి ఒక అట్ట ఇచ్చి, పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకోమని చదివించాడు. అప్పుడు అసలు ప్రశ్న అడిగాడు.

"ఏం పని చేస్తారండీ మీరు? అద్దాలు ఎక్కువగా దేనికి కావాలి?"

నాన్న నోరు తెరిచేలోగా నేనే అందుకున్నాను. ఇక్కడన్నది హెడ్మిస్ట్రెస్‌గారి ద్వారా టీచర్ల గదికి చేరుతుందని నా భయం.

"బట్టల వ్యాపారమండీ. పేపరు చదువుకుంటారు, కాగితాలు చూసుకుంటారు."

నాన్న చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళింది. డాక్టరుగారి ముందు పొడుం డబ్బీ తీస్తాడేమోనని నేను గుడ్లురిమాను. ఆ చెయ్యి అలాగే ఖాళీగా బయటికి వచ్చింది. అంతేనండీ అన్నాడు నాన్న.

అయితే రెండు దారులున్నాయన్నాడు డాక్టరుగారు. చదువుకోవటానికి మాత్రం వేరే అద్దాలు ఉంచుకోవచ్చు, కానీ అవి పెట్టుకుని తలెత్తితే ఎదుటి మనిషి మసగ్గా కనపడతాడు, మాటిమాటికీ తీస్తూ పెడుతూ ఉండాలి. లేదా ఒకే అద్దంలో రెండు చూపులూ ఉండేవి తీసుకోవచ్చు. పై సగంలోంచి దూరం, కింద అతికించిన ముక్కలోంచి చదువు. కొట్లో కూర్చునేవాళ్ళకి ఇవే వీలు, మనిషినీ చూడొచ్చు, కాగితమూ చూడొచ్చు అన్నాడు. మా హెడ్మిస్ట్రెస్‌గారు పెట్టుకునేవి అవే. ఇంకా ఆలోచించాల్సిందేముంది, అవే రాయండి అన్నాను.

అద్దాల షాపులో చట్రం కూడా నేనే ఏరాను. గుండ్రటి తీగ చట్రం బావుందే అని నాన్న అంటూనే ఉన్నాడు. కాదని నల్లటి లావుపాటిది తీయించాను. నా మొదటి జీతాల్లోంచి దాచిపెట్టి కొన్నది అది. నాన్న షాపు అద్దంలో చూసుకుని, ఎవరో ప్లీడరుగారు మనింటికొచ్చినట్టుందే అని నవ్వాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ తరవాత ఆదివారాలు నేను ఇంటికి వెళ్ళేసరికి నాన్న ఆ అద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని పేపరు చూస్తూ ఉండేవాడు. ఎలా ఉన్నాయి నాన్నా అంటే భేషుగ్గా ఉన్నాయనేవాడు. ఆదివారం పూట మగ్గం ఎందుకు ఆపాడో, మా ఇంట్లో ఎన్నడూ లేని పేపరు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తట్టనే లేదు.

ఒక బుధవారం మా బడి కమిటీ పెద్దాయన పోయాడని సెలవిచ్చారు. చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్ళాను. నాన్న మగ్గం మీద నడుం రెండుగా వంచి నేస్తున్నాడు. మొహాన అద్దాల్లేవు. అమ్మ నూలు కండెలు చుట్టే రాట్నం వదిలేసి మగ్గం పక్కన గొంతుక్కూర్చుని, మెడ చాచి దారాల్లోకి చూస్తూ, ఎడం పక్క తెగింది, ఆగు, ఇంకొంచెం ఇవతల, అని చెబుతోంది. నాన్న వేళ్ళతో తడుముకుంటున్నాడు. నాకు కోపం నషాళానికి అంటింది. అద్దాలేవి, వాటిని గూట్లో దేవుడి పటం పక్కన పెట్టుకోవటానికా కొన్నది అని అరిచాను. నాన్న ఏదో సర్దిచెప్పబోయాడు. అలవాటు పడాలి గదే, కొత్తవి గదే అన్నాడు. అమ్మ మాత్రం ఊరుకోలేదు.

"ఏం అలవాటే! పైనించి చూస్తే వీధి చివర గేదె కనపడుద్దంట, కిందనించి చూస్తే పేపర్లో అక్షరం కనపడుద్దంట. ఆ రెంటికీ మధ్యలో ఉన్న మగ్గం మాత్రం కనపడదు. మెడ ఎత్తి ఎత్తి మెడ పట్టేసింది. గుంటలోకి దిగబోయి అడుగు తెలీక పడ్డాడు, మోచెయ్యి చూడు."

మోచేతికి పసుపు రాసి గుడ్డ కట్టి ఉంది. నువ్వొచ్చే రోజున పెట్టుకుంటున్నాడే అద్దాలు, నువ్వు బాధపడతావని, అని కూడా అంది. షావుకారు గడువిచ్చిన ఈ పడుగు మీద మూడు చీరలు దిగాలి, మొదటి చీరలోనే మళ్ళీ గీత పడిందట. ఇంకా రెండు చీరల పొడుగు మిగిలింది. ఆ రెండూ కూడా అలాగే దిగితే ఇంక తువ్వాళ్ళే.

డాక్టరు అడగవలసింది అడిగాడు. పుస్తకం ఒళ్ళోనే ఉంటుంది, మగ్గం మీద బట్ట ఇంకా అవతల ఉంటుంది, పోగులు తెగే చోటు ఇంకా అవతల. ఆ సంగతి ఆయనకెలా తెలుస్తుంది? చెప్పాల్సిన నోటికి నేనే అడ్డం పడ్డాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

శనివారం బడి అయ్యాక నాన్నని మళ్ళీ తీసుకెళ్ళాను. లోపలికి అడుగు పెట్టేదాకా ధైర్యంగానే ఉన్నాను. డాక్టరుగారు ఏమ్మా, నాన్నగారికి అద్దాలు కుదిరాయా అనగానే పవిట అంచు సర్దుకోవటం మొదలెట్టాను. అయినా చెప్పాను.

"మా నాన్నది వ్యాపారం కాదండీ. నేతపని. ఆ రోజు నేను అబద్ధం చెప్పాను."

ఆయన నా మొహం వంక చూసి, నాన్న వైపు తిరిగి, మగ్గం మీద బట్ట మీ కంటికి ఎంత దూరంలో ఉంటుందండీ అని అడిగాడు. నేను చేతులు చాపి ఇంత ఉంటుందేమోనండీ అంటున్నాను. నాన్న జేబులోంచి మడతపెట్టిన నూలుపోగొకటి తీశాడు. అందులో రెండు ముడులున్నాయి.

"ఈ కొస కంటి దగ్గర పెట్టుకుంటే, బట్ట ఈ ముడి దగ్గరుంటదండీ. ఈ రెండో ముడి దగ్గర పోగులు అచ్చులోంచి, అంటే దువ్వెన పళ్ళలాంటి దాంట్లోంచి, వస్తయ్యి. తెగేది అక్కడే" అన్నాడు.

డాక్టరుగారు ఆ పోగుని సాగదీసి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఇది చదివే దూరమూ కాదు, వీధిలోకి చూసే దూరమూ కాదు, దీనికి వేరే పవరు కావాలన్నాడు. చట్రంలో అద్దాలు మార్చి, పోగు కొస నాన్న కంటి దగ్గర పెట్టి, మొదటి ముడి దగ్గర అట్ట పట్టుకున్నాడు. అక్షరం బానే ఉంది గానీ పోగు చూస్తేగానీ చెప్పలేనండీ అన్నాడు నాన్న. నేను లేచి వెళ్ళి నా పవిట చెంగు ఆ ముడి దగ్గర పట్టుకున్నాను. కట్టుకున్నది నాన్న నేసిన ఆ చీరే. ఆయన అంచు పక్కనుంచి పోగులు లెక్కపెడుతూ వచ్చి ఒక చోట ఆగిపోయాడు.

"ఇక్కడ పోగు తప్పింది తల్లీ" అన్నాడు. నేను నెలల తరబడి కట్టుకుంటున్నా నా కంటపడని గీత అది.

అవే రాసిచ్చాడు డాక్టరుగారు. మగ్గం మీద ఉన్నంతసేపే పెట్టుకోండి, లేచి నడిచేటప్పుడు తీసెయ్యండి, పేపరుకి పాతవి ఉండనే ఉన్నాయన్నాడు. ఈసారి చట్రం నాన్నే ఏరుకున్నాడు, గుండ్రటి తీగది. అవి తయారై చేతికొచ్చేదాకా మగ్గం ముట్టుకోలేదు. వచ్చాక ఆ రెండు చీరలూ నేసి తీసుకెళ్ళాడు. షావుకారు రెంటినీ గుమ్మంలోకి తెచ్చి, ఈ చివర నుంచి ఆ చివరదాకా వెలుతురులో చూసి, కొత్త పడుగుకి సన్న నూలు తూయించాడు. ఆ సంగతి నాకు చెబుతూ అమ్మ కళ్ళు తుడుచుకుంది.

అయితే నా మనసులో ఒక ప్రశ్న ఉండిపోయింది. ఆ రోజు డాక్టరుగారి చేతిలో చూసిన పోగు తెల్లగా లేదు. మడతల దగ్గర నలిగి, మాసి ఉంది. దాన్ని నాన్న ఎప్పుడు కొలిచాడో అడగటానికి భయమేసింది. నెల రోజులు పోయాక ఒక ఆదివారం, ఆయన నేస్తుండగా పక్కన కూర్చుని అడిగేశాను.

"మొదటిసారి నీ దగ్గరికొచ్చిన పొద్దున్నే" అన్నాడు నాన్న. "కంటికి కొలత ఉండాలన్నావుగా. కొస మీ అమ్మ పట్టుకుంది."

"మరి ఆ రోజే ఎందుకు తియ్యలేదు నాన్నా?"

"తీద్దామనే జేబులో చెయ్యి పెట్టా. నువ్వు వ్యాపారమని చెప్పేశావు. అప్పుడది బయటికి తీస్తే డాక్టరుగారి ముందు నువ్వు చిన్నబోవూ?"

ఆ మాట అంటూ ఉండగానే పడుగులో ఎక్కడో పోగు తెగింది. నాన్నే చూశాడు. మగ్గం ఆపి, ముందుకి వంగి, ముడి వేసి, మళ్ళీ నేత మొదలుపెట్టాడు. నేను వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.