కిటికీ లేని హాలుకు నాలుగు పంచెలు

నూకయ్య ఉన్నన్నాళ్లూ గురమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచేది. ఫ్లాస్కులో టీ పోసి, చేపల వేటకు వెళ్లే భర్త చేతికిచ్చి, అతను సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడేది. ఆయన పోయి పద్నాలుగు నెలలయింది. ఇప్పటికీ అదే వేళకు మెలకువ వస్తుంది, టీ కూడా పెడుతుంది. కాకపోతే ఆ ఫ్లాస్కు జెట్టీకి పోదు. డెలానీపూర్ ఇంటి ముందుగదిలో, కంప్యూటర్ ఎదుట కూర్చున్న కూతురు అమ్మడు దగ్గరకు చేరుతుంది.

అమ్మడిది చిత్రమైన పని. ఇంకా కట్టని భవనాలను ఫొటో తీసినట్టే కంప్యూటర్లో చూపిస్తుంది. మిడిల్ పాయింట్ సెంటర్లో ఆఫీసున్న ఇంజనీరు సత్యారావు ఈసారి ఇచ్చింది చేపలు శుభ్రంచేసి ఐసులో పెట్టే పెద్ద హాలు. రంగత్‌లో కడతారట. చల్లదనం పోకూడదని ఒక్క కిటికీ కూడా పెట్టలేదు. ఆ బొమ్మ ఇవాళ మధ్యాహ్నం మూడింటికి రంగత్ నుంచి వచ్చేవాళ్ల ముందుండాలి. లేకపోతే ఇకమీదట బొమ్మల పనంతా చెన్నైకి పంపేస్తానని సత్యారావు ముందే చెప్పేశాడు. పైగా పదకొండింటికి కరెంటు పోతుంది, మూడు దాటితేగాని రాదు.

ఎనిమిదింటికి గురమ్మ మళ్లీ టీ పట్టుకెళ్లేసరికి అమ్మడు తల పట్టుకుని ఉంది.

"ఏటే, అలగున్నావు?"

"నిన్న పగలంతా కంప్యూటరు నడిచినా బొమ్మ అవలేదమ్మా. తొంభై ఆరు ట్యూబ్‌లైట్లు పెట్టాను. ఒక్కో లైటు వెలుగూ ఏ గోడ మీద పడతాదో, అక్కణ్ణించి ఎటు ఎగురుతాదో కంప్యూటరు విడివిడిగా లెక్క కట్టాలి. బేచారా, దానికీ పిచ్చెక్కుతంది."

గురమ్మ తెర మీదికి వంగింది. హాలంతా ఉప్మారవ్వ చల్లినట్టు చుక్కలు. మూలలు మసి.

"ఇన్ని లైట్లెట్టినా సీకటేటే? గోడలకా నీలమేటి?"

"అయ్య బోటు రంగమ్మా."

గురమ్మ గ్లాసులోకి టీ వంచుతూ ఉన్నట్టుండి నవ్వింది.

"మా పెళ్లి ఎక్కడయిందో నీకు సెప్పలేదు కదూ? రేషన్ గోడౌన్లో! వాన దంచీసి పందిరి కూలిపోతే అందరం అందులో దూరాం. దానికీ కిటికీ లేదు. తలో లాంతరూ తెచ్చి మేకులకి తగిలించారు. అయినా ఎవరి నీడ ఎవరి మీద పడతందో తెలీదు. నా మొకం మా అమ్మకే అగుపడలేదు."

"మరేం చేశారు?"

"మీ అయ్య పీటల మీంచి లేచీసాడు. 'పెళ్లికొడుకు పారిపోతన్నాడ్రోయ్' అని ఒకటే కేకలు! ఆడు తెల్ల పంచెలు నాలుగు అడిగి, రేకుల కింద అడ్డంగా కట్టించీసాడు. వాటికి బాగా పైన రెండు పెట్రోమాక్సులు ఏలాడదీయించి, లాంతర్లన్నీ ఆర్పించీసాడు. ఎలుగు పంచెల నిండా పరుచుకుని మెత్తగా దిగింది. సున్నం గోడలేమో, మూలలకీ పాకింది. అప్పుడొచ్చి కూసోని, 'ఇప్పుడు కడతాను తాళి. ఎవరికి కడతన్నానో అగుపిస్తంది' అన్నాడు."

అమ్మడు నవ్వి నవ్వి, టక్కున ఆగింది.

"రుకో రుకో అమ్మా. నాలుగు పంచెలేనా?"

వెంటనే మౌస్ అందుకుంది. తొంభై ఆరు ట్యూబ్‌లైట్లనూ చూడ్డానికి మెరిసేలా ఉంచి, వాటి నుంచి వెలుగు పడకుండా చేసింది. వాటి బదులు కప్పు కింద నాలుగు పెద్ద వెలుగు పలకలు పరిచింది. బొమ్మలో అవి కంటికి కనబడవు, వెలుగు మాత్రం దింపుతాయి. నీలం గోడల దగ్గరకొచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

"సున్నం కొట్టీ," అంది గురమ్మ. "నీలం ఎలుగుని మింగేస్తంది. మీ అయ్యా బోటుకి బయటే నీలం ఏసేవోడు. ఐసుపెట్టి లోపల తెలుపే."

అమ్మడు గోడలు తెల్లగా మార్చి, కింద జానెడు పట్టీ మాత్రం నీలంగా వదిలింది.

ఎనిమిదిన్నరకు మొదలైన బొమ్మ పదింపావుకు పూర్తయింది. రవ్వ లేదు, మసి లేదు. తడి నేల మీద వెలుగు నిగనిగలాడుతోంది. స్టీలు బల్లలు ఇప్పుడే కడిగినట్టున్నాయి. పంపిన పది నిమిషాలకే సత్యారావు ఫోన్ చేశాడు.

"శభాష్ అమ్మడూ! చెన్నై మాట మరిచిపో. తరవాతి రెండు హాళ్లూ నీవే."

అమ్మడు తల్లిని పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

"మూడింటికి నువ్వూ రావాలి. ఆఫీసులో జనరేటరుంది, గోడంత పెద్దగా చూపిస్తారు."

"ఇంజనీర్ల మధ్య నానెందుకే?"

"లైట్లు కట్టిందెవరంటే ఎవర్ని చూపించను?"

భోజనాలయ్యాయి. గురమ్మ జడ వేసుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటుండగా పక్కింటి అసిరమ్మ ప్రహరీ మీంచి కేకేసింది.

"గురమ్మ దీదీ! నల్లా వొచ్చీసింది! జల్దీ డ్రమ్ములు పట్టీసుకో, మళ్లీ మూడ్రోజులదాకా రాదు!"

చూరు కింద మూడు డ్రమ్ములూ ఖాళీగా ఉన్నాయి. నల్లా గుడగుడమంటోంది. గురమ్మ దాన్ని గట్టిగా కట్టేసింది.

"రెండు బిందెలున్నాయిలే అసిరీ, సాలు," అంది చెప్పులు వేసుకుంటూ. "నాకు మిడిల్ పాయింట్‌లో పనుంది."