మాట్లాడిన గ్యాస్ పొయ్యి

మైపాడు సముద్రానికి దగ్గర్లోనే మా ఇల్లు. ఇంట్లో చేపల వాసన రాకూడదని మా అత్తగారు పట్టుబట్టడంతో పెరట్లో రేకుల కింద ఇంకో వంటిల్లు వేసుకున్నాం. నెల్లూరులో ఎవరింట్లోనో చూసి వచ్చిన మా ఆయన, మా పెరటి వంటింటి నల్లరాతి బండకు పెద్ద కంత కోయించి, గ్యాస్ పొయ్యిని అందులోకి దించి బిగించాడు. పొయ్యి బండతో సమంగా కూర్చుంది. వీధిలో అందరూ ఒకసారి వచ్చి చూసి వెళ్ళారు.

ఉప్పుగాలికి అది ఎక్కువ కాలం నిలవలేదు. తుప్పుపట్టి ఒక బర్నర్ వెలగడం మానేసింది, ఇంకోటి వెలిగితే ఆరడం మానేసింది. ఒకరోజు నేను కానాగంత చేపల పులుసు కలుపుతుంటే పొయ్యి మీట ఊడి గిన్నెలో పడింది. ఎంత దేవినా గరిటెకు దొరకలేదు. చివరికి మా ఆయన పంటికి దొరికింది.

"ఏమ్మే, ఇదేం చేప? ముల్లు గుండ్రంగా ఉండాది!" అన్నాడు దవడ పట్టుకుని.

అలా కొత్త పొయ్యి కొనడం ఖాయమైంది. బజారుకు బయలుదేరే ముందు ఆయన కంతను జానతో కొలిచాడు. టేపుతో కొలవరాదా అన్నాను.

"టేపు తప్పు చెప్తాదేమో గానీ నా చెయ్యి తప్పు చెప్పదు," అన్నాడు.

చెయ్యి తప్పే చెప్పింది. పాత పొయ్యిని పెకలించి కొత్తదాన్ని కంతలో పెట్టగానే, అది ఒకవైపు బండ మీద ఆని, రెండోవైపు లోపలికి జారిపోయింది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ప్రార్థన ఉంది. ఆ తర్వాత పాస్టరుగారికి భోజనం.

"ఏం కాలేదు. కింద రెండు చెక్కలు ఆనిస్తే చాలు. నేను లోపల దూరి ఎత్తి పట్టుకుంటా, నువ్వు చెక్కలు తే," అన్నాడు ఆయన.

బండ కింద సిలిండర్ పెట్టే అర ఉంది. సిలిండర్ ముందే బయట పెట్టాం కాబట్టి, ఆయన మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని అందులో దూరి కూర్చున్నాడు. జారిన పొయ్యిని నెత్తితో పైకెత్తి నిలబెట్టాడు. నేను చెక్కల కోసం వీధి చివర పడవలు బాగుచేసే చోటికి పరుగెత్తాను.

నేను అటు వెళ్ళగానే మా అత్తగారు పెరట్లోకి వచ్చారు. అర తలుపు తెరిచి ఉంది, కోడి అటే చూస్తోంది. కోడిని తరిమి, లోపలికి తొంగి చూడకుండానే తలుపు మూసి గడియ పెట్టి, చాపలు పరవడానికి ముందు గదిలోకి వెళ్ళిపోయారు. ఆమెకు చెవులు కాస్త మందం. లోపలి నుంచి "అమ్మా!" అన్న కేక ఆమెకు వినబడలేదు.

అప్పుడే పక్కింటి అక్క "చింతపండుందా?" అంటూ పెరట్లోకి వచ్చింది. వంటింట్లో మనిషి లేడు. కొత్త పొయ్యి మాత్రం తళతళలాడుతోంది. ముచ్చటపడి దగ్గరికి వంగింది.

"అక్కా, మా ఆవిడ యాడికి పోయినాది?" అంది పొయ్యి.

అనడమే కాదు, మాట మాటకూ కొంచెం లేచి కూర్చుంది.

"యేసయ్యా!" అని పక్కింటి అక్క వీధిలోకి పరుగెత్తి, ఎదురుగా వస్తున్న పాస్టరుగారి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. నేను చెక్కలతో వెనక గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పాస్టరుగారు పొయ్యి ముందు నిలబడి, కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి ఉన్నారు.

"ప్రభువా, ఈ కుటుంబాన్ని కాపాడు. ఈ పొయ్యిలో ఉన్నదెవరో..."

"నేనేనయ్యా! ఆమేన్! ముందు గడియ తియ్యండి, మెడ పోతా ఉండాది!" అంది పొయ్యి ఎగిరి ఎగిరి.

పాస్టరుగారు ఒక అడుగు వెనక్కి వేశారు. పక్కింటి అక్క రెండు వేసి నీళ్ళ బక్కెట్లో కూలబడింది. నాకు నవ్వాగక చెక్కలు అక్కడే పడేసి గడియ తీశాను. కానీ మా ఆయన కాళ్ళు తిమ్మిరెక్కి కదలడం లేదు. పాస్టరుగారు పైనుంచి పొయ్యిని ఎత్తి పట్టుకుంటే, నేనూ పక్కింటి అక్కా చెరో కాలూ పట్టుకుని లాగాం. ఈ గోలకు బయటికి వచ్చిన మా అత్తగారు అంతా చూసి అడిగారు:

"ఏంది అబ్బయ్యా, ప్రార్థన పెట్టుకుని నువ్వు ఆడ దాక్కున్నావా?"

ఆయన తల ఒరగేసుకునే ఆమె వైపు తిరిగాడు. మెడ ఇంకా తిన్నగా కాలేదు.

ఆ రోజు భోజనం పక్కింటి అక్క ఇంట్లోనే జరిగింది. మరునాడు నేనే టేపుతో కొలిచి, కంత చుట్టూ చెక్కలు బిగించి పొయ్యిని నిలబెట్టాను. అది కొంచెం పడమటికి ఒరిగి ఉంటుంది. పులుసంతా ఒక పక్కకు చేరుతుంది, చేపముక్కలు ఇంకో పక్క తేలుతాయి. మా అత్తగారికి మాత్రం అది బాగా నచ్చింది. ముక్కలు వెతుక్కునే పని లేదట.