చేపముళ్ళ మూట

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించాక తోటివాళ్ళంతా జోర్డాన్ దారి పట్టినా, అక్కడి చమురు పట్నం అహ్మదిలో మెస్సు వంట చేసే రాయచోటి హారూన్ మాత్రం కదల్లేదు. తెల్లదేశాలవాళ్ళను బందీలుగా పట్టుకుంటున్న సైనికులకు దొరక్కుండా, కెనడా వెల్డరు ఎలైజాను తన గదిలో దాచాడు మరి. ఎలైజా కెనడా ఆదివాసుల్లో క్రీ తెగవాడు. వాళ్ళది ఉత్తరాన మంచులో, రోడ్డన్నది లేని పల్లె. తాతలు ఏటిలో బతికే బీవర్లనే జంతువుల్ని వేటాడి, బొచ్చుతోళ్ళు వర్తకుల కొట్టులో అమ్మేవారు. ఆ కొట్టు మూతబడి పల్లె బోసిపోయిందట.

హారూన్ చేపల పులుసు పెడితే అతను ముళ్ళన్నీ ఏరి గుడ్డలో మూటగట్టేవాడు.

"ఏందప్పా ఈ కంపు? అవతల పారేయరాదా?" అని హారూన్ కసురుకునేవాడు.

"కుక్కలు ముట్టకూడదు. మా తాత బీవర్ ఎముకల్ని తిరిగి నీళ్ళకే ఇచ్చేవాడు. అట్లా ఇస్తేనే అవి మళ్ళీ వస్తాయి," అనేవాడు ఎలైజా, వచ్చీరాని హిందీలో.

ఒక పొద్దున సైనికులు వచ్చి అతన్ని పట్టుకుపోయారు. గదిలో మూట మిగిలింది. హారూన్ దాన్ని చంకలో పెట్టుకుని సముద్రం దాకా నడిచి, ముళ్ళన్నీ నీళ్ళలో వదిలాడు.

"నీవి నీకు ఇచ్చేసినా," అన్నాడు సముద్రంతో. "ఇంగ మావాణ్ణి పంపీ."