బర్చిన్ అరిచిన పేరు

బర్చిన్‌కు ఇప్పుడు మనవలున్నారు. అయినా పోయిన మామగారిని ‘ఇంటి పెద్దాయన’ అనే అంటుంది. మా వాళ్లలో కోడళ్లు మామ పేరు పలకరు. పలికితే ఇంటి పరువు పోయినట్టే. ఆవిడ మాత్రం కొత్త కోడలిగా మేతకొండకు వచ్చిన వేసవిలో ఆ కట్టుబాటును లోయంతా వినేలా తెంపింది. అప్పుడు మాది పక్క గుడారమే.

ఆ వారం ఎండ మండిపోతోంది. మంచు కరిగి, ఇస్సిక్‌కుల్ సరస్సుకు దిగే మా ఏరు పొంగాలి. అదేమో రోజురోజుకూ చిక్కిపోయింది. మామ ఎసెన్‌కుల్‌కు ఒకటే సంబరం. నీళ్లు తగ్గి బయటపడ్డ పచ్చికలో పొడుగ్గా తాడు లాగి, గుర్రప్పిల్లలను దానికి కట్టేశాడు.

బర్చిన్ ఉండబట్టలేక అడిగింది. “అయ్యా, ఇంత ఎండలో ఏరు తగ్గిందంటే నీళ్లు పైనెక్కడో నిలుస్తున్నట్టే కదా? మా పుట్టింటివైపు ఇలాగే మంచు కింద నీటిదారి పూడిపోయి చెరువు కట్టింది. దారి తెరుచుకున్నాక ఒక్క పూటలో అంతా మీదకొచ్చి పడింది.”

“నిన్నగాక మొన్న వచ్చావు, నాకు ఏటి సంగతి నేర్పుతావా? పో, పోయి టీ కాచు!”

గుడారాల ముందు కూర్చున్న మగాళ్లంతా పళ్లికిలించారు. వాళ్లకు అంతకంటే ఏం చేతనవును?

మర్నాడు మధ్యాహ్నం ఏరు బురద వాసన కొట్టింది. పైనుంచి బండలు దొర్లుతున్న చప్పుడు మొదలైంది. ముసలాయన ఒక్కడే కింద తాడు దగ్గరున్నాడు.

“అయ్యా! పైకి రండి, అయ్యా!” బర్చిన్ గొంతు చించుకుంది. లోయలో పిల్లలంతా ఆయన్ను అయ్యా అనే పిలుస్తారు. ఆయన తల కూడా ఎత్తలేదు.

“ఎసెన్‌కుల్! ఒరేయ్ ఎసెన్‌కుల్!”

ఆయన చటుక్కున తిరిగాడు. కళ్లెర్రజేసి, కొరడా పట్టుకుని గట్టెక్కాడు, కోడల్ని కొట్టడానికే. పైకి వచ్చాడో లేదో వెనకాల నల్లటి నీళ్లు మంచుగడ్డలతో విరుచుకుపడ్డాయి. తాడు లేదు, గుర్రప్పిల్లలు లేవు. తల్లి గుర్రాలు సాయంత్రందాకా గట్టు మీద సకిలిస్తూ తిరిగాయి. చూడలేక నేను ఏడ్చేశాను.

తర్వాత పైకెళ్లి చూస్తే చెరువు కట్టిన గుంటలో బురద తప్ప ఏమీ లేదు.

ఆ పూట అత్తగారు కోడలి మీద పడింది. “సిగ్గులేదూ? మామని పేరు పెట్టి పిలిచి, పైగా ఒరేయ్ అంటావా?”

బర్చిన్ తల దించుకుంది. ముసలాయన కొరడా తీసుకెళ్లి గుడారం కప్పులో దోపి వచ్చాడు.

“ఎండలో ఏరు తగ్గినప్పుడల్లా అలాగే పిలువమ్మా,” అన్నాడు. “మిగతా రోజుల్లో మాత్రం వద్దు.”