ఏటి నడిమి దాకా

నిన్న గద్వాల గ్రంథాలయంలో అట్లాసు తిప్పుతుంటే, తుంగభద్ర నీలి గీత మీద నా వేలు ఆగిపోయింది.

లాక్‌డౌన్‌లో నాకు పదకొండేళ్లు. కాన్పుకని ఏటి అవతల పుట్టింటికి వెళ్లిన అమ్మ, రాష్ట్ర సరిహద్దు మూసేయడంతో అక్కడే చిక్కుకుపోయింది. కొత్తగా పుట్టిన చెల్లెల్ని మేమెవరమూ చూడలేదు.

ఒక పొద్దున నాయిన ఉన్నట్టుండి, "ఏరు చూసొద్దాం పాండ్రి," అన్నాడు. మా కూరగాయల ఆటోకు పర్మిషన్ ఉండేది. టమాట డబ్బాల మధ్య నన్నూ తమ్ముణ్నీ కూర్చోబెట్టి, మనిషి కనబడని రోడ్డు మీద, ఏటి ఒడ్డునున్న రాజోలికి తీసుకెళ్లాడు.

ఒడ్డున నేను అందుకున్నాను. "తుంగ, భద్ర రెండు కలిస్తే గీ నది అయింది నాయినా. లైబ్రరీ పుస్తకంల చదివిన."

"అమ్మ గా దిక్కే ఉంటది గదా?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు జర ఆగుర, చెప్తున్న గదా!"

అవతలి ఒడ్డున పోలీసుల టెంటు తప్ప ఏమీ లేదు. నాయిన అటే చూస్తూ, "మోకాళ్ల లోతు గూడ లేవు నీళ్లు," అన్నాడు.

"ఎండకాలం గట్లనే ఉంటయి," అన్నాను గొప్పగా.

నాయిన చెప్పులు విడిచి, నీళ్లలో నడిమి దాకా వెళ్లి, కాసేపు నిలబడి, తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడనుకున్నాను. కాళ్లు కడుక్కోవడానికి అంత దూరం పోనక్కర్లేదని ఆ రోజు నాకు తోచలేదు.