పాస్‌వర్డ్ చెప్పని మామయ్య

విడవలూరు చంద్రమౌళి గారు అడిగితే ప్రాణమైనా ఇస్తారు గానీ, వైఫై పాస్‌వర్డ్ మాత్రం చెప్పరు.

"నెట్ కావాలా? ఎంతైనా వాడుకోండి. ఫోన్ ఇట్లివ్వండి, నేను కొడతా" అంటారు. గోడవైపు తిరిగి, కండువా ఫోన్ మీద కప్పి, చూపుడువేలితో ఒక్కో మీటా నొక్కుతారు. సర్పంచికైనా అంతే, తాసిల్దారుకైనా అంతే.

కాపురానికొచ్చిన కొత్తలో కోడలు అనూష అడిగింది.

"ఏందమ్మా, ఇంటి కోడలివైతే మాత్రం? ఫోన్ ఇట్లా తే!"

అనూషకు ఒళ్ళు మండింది. మొగుడితో మొరపెట్టుకుంటే, "నాకే తెలీదు, నన్నడక్కు" అన్నాడు.

ఇప్పుడు నెల్లూరులో ఉంటున్నా, అత్తగారింటి అరుగు తలుచుకుంటే ఆమెకు ప్రాణం లేచొస్తుంది. పొద్దు వాలితే చేపలమ్మి వచ్చిన ఆడవాళ్ళు ఖాళీ తట్టలు పక్కన పెట్టుకుని, మామయ్యగారి నెట్‌లో మనవళ్ళను చూసుకుంటూ ఒకటే కేకలు. ఎంత సందడి, ఎంత సందడి!

అలాంటి ఇంట్లో, ఆమె అక్కడున్న రోజుల్లోనే, ఒకసారి నెట్ కనెక్షన్ మార్చారు. టైటస్ అనే కుర్రాడు కొత్త రౌటర్ బిగించి వెళ్ళాడు. మర్నాడే అనూషకు వీడియోలో ఇంటర్వ్యూ. వస్తే మొదటి ఉద్యోగం. తీరా కూర్చుంటే, లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి, నెట్ లేదు! ఆపింది, వేసింది, దాని నెత్తిన ఒకటి మొట్టింది. చివరికి టైటస్‌కి ఫోన్ చేసింది.

"దాని వెనకాల ఇంకోటేమన్నా తగిలించినారా మేడం?"

బల్ల వెనక్కి తొంగి చూస్తే పాత రౌటర్, కొత్తదాని వైరు పట్టుకుని దర్జాగా కూర్చుని ఉంది.

"మామయ్యా!"

"అందరి ఫోన్లకీ దాంతోనే గదమ్మా అలవాటు" అని నసిగారు చంద్రమౌళి గారు.

"రెండూ ఒకే నంబరు పెట్టుకోనుంటాయి మేడం" అన్నాడు టైటస్. "రెండిళ్ళకు ఒకే డోర్ నంబరుంటే పోస్టుమాన్ ఏం చేస్తాడు? పాతది పీకేయండి."

పీకేసింది. కొత్తదాంట్లో నెట్ వచ్చింది. అమ్మయ్య అనుకునేలోపు అరుగు మీంచి చేపలమ్మే నాగులమ్మ కేక: "అన్నా, నా ఫోన్ పట్టడంలా!"

"అక్కా, కొత్త పాస్‌వర్డ్ దీని అడుగున రాసుంది, చూసి కొట్టుకో" అని అనూష రౌటర్ పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది.

నాగులమ్మ పెట్టెను అటు తిప్పింది, ఇటు తిప్పింది. ముఖం చిన్నబోయింది. "కళ్ళద్దాలు మరిచొచ్చినా పాపా" అంది. ఆమెకు కళ్ళద్దాలే లేవు.

చంద్రమౌళి గారు పెట్టె లాగేసుకున్నారు. "మా ఇంట్లో పాస్‌వర్డ్ ఎవరికీ చూపించం! ఫోన్ ఇట్లియ్యి!"

అనూషకు అప్పుడు తెలిసింది. చదువొచ్చినవాళ్ళూ ఫోన్ ఇవ్వాల్సిందే అయితే, రానివాళ్ళు ఆ సంగతి చెప్పుకోనక్కర్లేదు. ఇన్నాళ్ళూ పిసినారి అనుకున్నందుకు సిగ్గేసింది.

ఇంటర్వ్యూ ముంచుకొస్తోంది. రౌటర్‌ని కదిలిస్తే మళ్ళీ వస్తుందో రాదో. అయినా మామగారిని లోపలికి లాక్కెళ్ళింది. "పాతదాని పాస్‌వర్డ్ చెప్పండి మామయ్యా. కొత్తదానికీ అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెడతా. అందరి ఫోన్లూ వాటంతటవే పట్టుకుంటాయి."

ఆయన తలుపేశారు. కిటికీ కూడా వేశారు. చెవిలో గుసగుసగా, "ఒకటి నుంచి ఎనిమిది దాకా, వరసగా" అన్నారు.

అనూష నవ్వాపుకోలేక చచ్చింది.

రౌటర్ ఆగి, ఆమెను కాసేపు ఏడిపించి, వెలిగింది. అరుగు మీద ఫోన్లన్నీ టింగుమన్నాయి. చెమటలు తుడుచుకుంటూ ఇంటర్వ్యూలో కూర్చుంది, తర్వాత ఉద్యోగమూ వచ్చింది.

ఆ రోజు ఇంటర్వ్యూ ముగించి బయటికి రాగానే నాగులమ్మ పట్టుకుంది. "ఏం పాపా, నీకైనా చెప్పినాడా ఆ పాస్‌వర్డ్?"

"ఎక్కడక్కా! చచ్చినా చెప్పడం లేదు."

"అంత చదివినదానివి, నీకూ దిక్కు లేదా!" అని నాగులమ్మ పకపకా నవ్వి, అరుగు మీద తన పక్కన చోటిచ్చింది.