లెక్కలో వదిలేసిన గాలి

మొన్న ఏలూరులో ఒక రైసు మిల్లులో మోటారు వేగం మార్చే కొత్త డ్రైవు బిగిస్తుంటే పక్కన కూర్చుని చూశాను. ఇంజనీరుగారు మోటారు మీది రేకు చూసి వోల్టులు, ఆంపియర్లు నొక్కారు. మిగిలిన కొలతలన్నీ డ్రైవే నిమిషంలో తీసుకుంది. చివర తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: మోటారును చల్లబరిచేది దాని సొంత ఫ్యానా, విడి ఫ్యానా? ఆయన ఏదో ఒకటి నొక్కి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో కరెంటు హెర్ట్జులు మార్చి మోటారు వేగం తగ్గించే ఈ ఇన్వర్టరు డ్రైవులు మా వైపు ఒకటీ అరా రావడం, వాటిని చూడడానికి మనం పని మానుకుని మరీ వెళ్లడం నా ఈడు వారికి గుర్తుండే ఉంటుంది. తాడేపల్లిగూడెంలో కాలిన మోటార్లకు తీగ మళ్లీ చుట్టే మా మామగారి రివైండింగు షాపులో నేను పనిచేసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగినా అంకెల పిచ్చి ఆగలేదు. పాత ఇంజనీరింగు పుస్తకాలు కొని, పేజీలకు పేజీలు సాగే సమీకరణాల్లో నాకు అక్కర్లేదనుకున్నవి ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ, మోటారు మొత్తాన్ని నాలుగు వరుసల్లోకి కుదించుకున్నాను. వోల్టులు, హెర్ట్జుల నిష్పత్తి మారకూడదు: యాభై హెర్ట్జులకు నాలుగు వందల పదిహేను వోల్టులు అయితే ఇరవైకి నూట అరవై ఆరు. వేగం హెర్ట్జులను బట్టి, లోడుకు కాస్త తగ్గేది పోగా. లోడు మారకపోతే ఆంపియర్లు మారవు. ఆంపియర్లు మారకపోతే వేడీ మారదు. ఆ నాలుగో వరుస రాసినప్పుడు ఎంత మురిసిపోయానో ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఏడే, బావగారు పోయాక, మా అక్క ఉన్నదంతా పెట్టి పెదపాడు అవతల, కొల్లేటి అంచున చేపపిల్లల తొట్లు కౌలుకు తీసుకుంది. పిల్లల్ని చెరువులకు పంపే ముందు ఒకటి రెండు రోజులు మేత లేకుండా, ఇరుకుగా తొట్లలో ఉంచుతారు. అప్పుడు నీళ్లలోకి బ్లోయరు ఊదే గాలి ఆగకూడదు, అలాగని ఎక్కువైతే పిల్లలు దెబ్బతింటాయి. డ్రైవు పెట్టి ఇరవై హెర్ట్జుల మీద నడిపిస్తే గాలి మెత్తగా వస్తుందని నేనే చెప్పాను.

“నీ లెక్క చూస్తే చేపపిల్లలు కూడా లేచి నించుంటాయేమోరా తమ్ముడూ,” అని నవ్వింది అక్క. బావగారు పోయాక తను నవ్వడం నేను చూసింది అప్పుడే.

బయల్దేరే ముందు మామగారికి కాగితం చూపించాను. ఆయన నా నాలుగు వరుసలూ ఓపికగా విని, “అంతా బాగానే ఉందండీ అల్లుడుగారూ. మోటారు నెమ్మదిస్తే దాని వెనకున్న ఫ్యానూ నెమ్మదిస్తుంది కదండీ, మరి దానికెవరు విసురుతారు, మీరా?” అన్నారు. విడిగా చిన్న ఫ్యాను ఒకటి బిగించమన్నారు. ఆంపియర్లు పెరగవు కదండీ అని నవ్వేసి వెళ్లిపోయాను. మామగారు చుట్టిన మోటారునే బ్లోయరుకు బిగించి, అరగంట నడిపి, చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది. మోటారు పూర్తిగా వేడెక్కడానికి గంటలు పడుతుందన్న సంగతి నాకు తట్టలేదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డులో అది కాలిపోయింది. ఆంపియర్లు పెరగలేదు కనుక డ్రైవు దాన్ని ఆపకుండా చివరిదాకా ఊరుకుంది. వేరే మోటారు తెచ్చేలోపు పిల్లలన్నీ తెల్లగా తేలాయి. అక్క తొట్టి గట్టు మీద కూర్చుని, చేత్తో నీళ్లు కలుపుతూనే ఉంది.

మామగారు వచ్చి మోటారు విప్పారు. తీగలన్నీ ఒకే తీరుగా నల్లబడి ఉన్నాయి. ఎందుకు కాలిందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆయన నా వైపు ఒక్కసారి చూసి, అక్కతో, “తప్పు నాదేనమ్మా. తీగల మీద పోసిన వార్నిషు సరిగా ఆరలేదు,” అన్నారు. నేను వంగి, విప్పిన బోల్టులు ఏరుతూ ఉండిపోయాను.

అక్క తొట్లు వదిలేసి తణుకులో ఒక హాస్టల్లో వంటకు కుదిరింది. వార్నిషు మాట చుట్టుపక్కల పాకి, తొట్లవాళ్లు మామగారి దగ్గరకు మోటార్లు పంపడం మానేశారు. ఆయన ఆ సంగతి నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు. వేగం తగ్గితే చల్లదనమూ తగ్గుతుందని ఐదో వరుస రాసుకున్నాను గాని, అక్కకు చెప్పే రోజు వెతుక్కుంటూ ఉండగానే మామగారు కన్నుమూశారు.

ఇప్పుడు లెక్కలో ఏది ఉంచాలో ఏది వదిలెయ్యాలో ఎవరూ కాగితం మీద తేల్చుకోనక్కర్లేదు, డ్రైవే చూసుకుంటుంది. కాలిన మోటారును చాలామంది చుట్టించకుండా మార్చేస్తున్నారు. దాన్ని ఎవరు చుట్టారని అడిగేవారు లేరు. అది మంచికేనని ఒప్పుకుంటాను. తప్పు నాదేనని ముందుకొచ్చే మనిషి కూడా దాంతోపాటే కనపడకుండా పోయాడేమోనని ఒక్కోసారి అనిపిస్తుంది.

కిందటి నెల తణుకు వెళ్లినప్పుడు మాటల్లో మామగారి ప్రస్తావన వచ్చింది. “దేవుడిలాంటి మనిషిరా. పాపం, ఆ ఒక్క మోటారు దగ్గరే ఆయన చెయ్యి తప్పింది,” అంది అక్క.

“ఔనక్కా,” అన్నాను.